సర్వర్ సందేహాలు: మామూలు ఖాతా నుంచి రూట్ దాకా

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే గడప దగ్గర ఆగాయి. మామూలు ఖాతాతో లాగిన్ అయినవాడికి అడ్మిన్ హక్కులు ఎలా ఇవ్వాలి, మనం ఇవ్వకుండానే ఎలా వచ్చేస్తాయి అన్నవే అవి. అందుకే అన్నీ ఒకచోట చేర్చాం. రూట్ అంటే సర్వర్ మీద అన్ని హక్కులూ ఉన్న ఖాతా. సుడో అంటే ఒక కమాండ్‌ను రూట్ హక్కులతో నడిపించేది, ఎవరు ఏది అలా నడపొచ్చో రాసి ఉండేది సుడోయర్స్ ఫైల్. కమాండ్లను పలికినట్టే అచ్చు వేస్తున్నాం. 'హైఫన్ ఏ' అంటే చిన్న గీత, దాన్ని అంటుకునే అక్షరం. పెద్ద అక్షరమైతే ఆ మాట విడిగా చెబుతాం.

ప్రశ్న: మా ల్యాబ్‌లో ఒక సర్వర్‌లో ఉబుంటు, ఇంకోదాంట్లో రాకీ లినక్స్ ఉన్నాయి. రాకీలో సుడో అనే గ్రూపే లేదంది. వెతికి, 'యూజర్‌మాడ్ హైఫన్ పెద్ద జీ వీల్' అని నా ఖాతాను వీల్ గ్రూపులో చేర్చాను. తెరిచి ఉన్న పాత టెర్మినల్లో ఇప్పటికీ 'సుడోయర్స్ ఫైల్‌లో మీ పేరు లేదు' అనే వస్తోంది. కొత్తగా లాగిన్ అయితే సుడో పనిచేస్తోంది కానీ, నిన్నటిదాకా తెరుచుకున్న ప్రాజెక్టు ఫోల్డర్ తెరుచుకోవడం లేదు. ఏది నమ్మాలి? ఇంకోటి, ఎస్‌యూకీ సుడోకీ తేడా ఏమిటి?
— ల్యాబ్ అసిస్టెంట్, వరంగల్

జవాబు: రెండూ నిజమే చెబుతున్నాయి. లినక్స్ మీ గ్రూపుల జాబితాను లాగిన్ అయిన క్షణంలో ఒక్కసారి చదివి, ఆ షెల్‌కు (మీ కమాండ్లు తీసుకుని నడిపే ప్రోగ్రామ్‌కు) తగిలించేస్తుంది. తర్వాత గ్రూపు ఫైల్‌లో ఏం మారినా ఆ షెల్‌కు తెలియదు. అందుకే పాత టెర్మినల్ పాత పాటే పాడుతోంది. 'ఐడీ' అని ఊరికే కొడితే ఈ షెల్ దగ్గరున్న జాబితా కనిపిస్తుంది. 'ఐడీ' పక్కన మీ ఖాతా పేరు కూడా కొడితే ఫైల్‌లో ఇప్పుడున్న జాబితా కనిపిస్తుంది. రెండింటికీ తేడా ఉందంటే లాగౌట్ చేసి మళ్లీ రావాలని అర్థం.

ఫోల్డర్ పోవడానికి కారణం వేరు. పెద్ద జీ ఒక్కటే ఇస్తే 'ఇకపై ఇతని అదనపు గ్రూపులు ఇవి మాత్రమే' అని అర్థం. వీల్ వచ్చింది, ప్రాజెక్టు గ్రూపుతో సహా మిగతావన్నీ ఊడిపోయాయి. ఉన్నవాటికి తోడుగా చేర్చాలంటే 'హైఫన్ చిన్న ఏ పెద్ద జీ' అని రెండూ కలిపి కొట్టాలి. ఆ పాత టెర్మినల్‌ను మాత్రం ఇంకా మూయకండి. అందులో 'ఐడీ' కొడితే మీరు పోగొట్టుకున్న గ్రూపుల పేర్లన్నీ వరుసగా ఉంటాయి, రాసుకోండి. మూసేసి ఉంటే, ఈటీసీ ఫోల్డర్‌లో గ్రూప్ అనే పేరు చివర చిన్న గీత ఉన్న ఫైల్ చూడండి. అది చివరి మార్పుకు ముందున్న నకలు.

మీరు ప్రశ్న చివర అడిగిన ఎస్‌యూ, సుడో తేడా ఇదీ. ఎస్‌యూ రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది, సుడో మీ పాస్‌వర్డే అడుగుతుంది. పదిమందికి రూట్ పాస్‌వర్డ్ చెప్పాక ఎవరు ఏం చేశారో తేల్చడం అసాధ్యం. సుడోతో అయితే ఉబుంటులో ఆథ్ డాట్ లాగ్, రాకీలో సెక్యూర్ అనే లాగ్ ఫైల్‌లో పేరూ టైమూ కొట్టిన కమాండూ పడతాయి. 1980 ప్రాంతంలో అమెరికాలోని బఫెలో యూనివర్సిటీలో సుడో పుట్టింది. ఉబుంటులో రూట్ పాస్‌వర్డ్‌కు మొదటి నుంచే తాళం వేసి ఉంటుంది కాబట్టి అక్కడ ఎస్‌యూ గోల తక్కువ.

ప్రశ్న: నలుగురు డెవలపర్లకు మూడే పనులు కావాలి. ఎంజిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్ ప్రోగ్రామ్) రీస్టార్ట్ చేయడం, లాగ్‌లు చూడడం, కాన్ఫిగ్ మార్చడం. సుడోయర్స్‌లో వాళ్లకు సిస్టమ్‌సీటీఎల్ పక్కన నక్షత్రం గుర్తు (*), లెస్, విమ్ ఇచ్చాను. ఆడిటర్ చూసి 'మీరు నలుగురికీ పూర్తి రూట్ ఇచ్చేశారు' అని రాశాడు. అతిగా రాశాడా?
— సిస్టమ్ అడ్మిన్, హైదరాబాద్

జవాబు: ఆడిటర్ రాసింది సరిగ్గా ఉంది. విమ్ ఎడిటరే కానీ, దాని లోపలి నుంచే షెల్ తెరవొచ్చు. అది దాని సౌకర్యాల్లో ఒకటి, లోపం కాదు. లెస్‌దీ అదే సంగతి. రూట్‌గా నడుస్తున్న విమ్ లోంచి తెరిచిన షెల్ కూడా రూట్‌దే. ఆ తర్వాత కొట్టే కమాండ్లేవీ సుడో లాగ్‌లో పడవు. లాగ్‌లో 'విమ్ తెరిచాడు' అన్న ఒక్క వరుసే మిగులుతుంది. ఫైండ్, టార్, ఆక్, పైథాన్ లాంటివి ఇచ్చినా కథ ఇదే. ఇంకో ప్రోగ్రామ్‌ను నడపగలిగే ఏ ప్రోగ్రామ్‌ను సుడోతో ఇచ్చినా, చేతికి తాళం గుత్తి మొత్తం ఇచ్చినట్టే.

నక్షత్రం గుర్తు ఇంకా మోసకారి. ఫైల్ పేర్ల దగ్గర అది ఒక పదానికే ఆగుతుందని అలవాటు పడి ఉంటాం. సుడోయర్స్‌లో కమాండ్ తర్వాతి మాటల దగ్గర అది ఖాళీనీ మింగుతుంది, స్లాష్‌నీ మింగుతుంది. 'క్యాట్ స్లాష్ వార్ స్లాష్ లాగ్ స్లాష్ నక్షత్రం' అని ఇస్తే, వార్ లాగ్ కింది ఫైల్ పేరు పక్కన ఖాళీ వదిలి షాడో ఫైల్ పేరు రాసినా ఒప్పుకుంటుంది. పాస్‌వర్డ్ హ్యాష్‌లు (పాస్‌వర్డ్‌ల గుప్త రూపాలు) తెర మీద ఉంటాయి.

'అన్నీ ఇచ్చి, ఆశ్చర్యార్థకంతో కొన్ని తీసేస్తే?' అని చాలామంది అడుగుతారు. అది పనికిరాదు. షెల్‌ను నిషేధించారనుకోండి, దాన్ని ఇంకో పేరుతో కాపీ చేసుకుని నడిపితే మీ నిషేధానికి ఆ పేరు తెలియదు. సుడో మాన్యువలే ఈ మాట చెబుతుంది.

మీ మూడు పనులకూ మేం సూచించే దారి ఇదీ. రీస్టార్ట్‌కు పూర్తి మార్గంతో, 'స్లాష్ యూఎస్ఆర్ స్లాష్ బిన్ స్లాష్ సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ ఎంజిన్‌ఎక్స్' అని అక్షరం అక్షరం రాయండి. అటూ ఇటూ ఏ గుర్తూ వద్దు. లాగ్‌లకు అసలు సుడోనే అక్కర్లేదు. ఉబుంటులో ఏడీఎమ్ గ్రూపులో, జర్నల్ కోసమైతే సిస్టమ్‌డీ-జర్నల్ గ్రూపులో చేర్చితే చదవగలరు, రాయలేరు. కాన్ఫిగ్‌కు విమ్ కంటే సుడోఎడిట్ నయం. అది ఫైల్‌ను తాత్కాలికంగా ఒకచోటికి కాపీ చేసి, డెవలపర్ సొంత హక్కులతోనే ఎడిటర్ తెరిచి, మూశాక మార్పును వెనక్కి రాస్తుంది. ఎడిటర్ లోంచి షెల్ తెరిచినా అది అతని సొంత షెల్లే, రూట్‌ది కాదు.

అయితే ఇక్కడో మెలిక ఉంది. ఆడిటర్ అది రాయలేదు గానీ మేం రాస్తున్నాం. ఎంజిన్‌ఎక్స్ మాస్టర్ ప్రాసెస్ రూట్‌గానే మొదలవుతుంది. లాగ్ ఎక్కడ రాయాలో, వర్కర్లు ఏ యూజర్‌తో నడవాలో, ఏ మాడ్యూల్ లోడ్ చేయాలో కాన్ఫిగ్ చెబుతుంది. ఆ ఫైల్‌ను ఇష్టం వచ్చినట్టు మార్చి రీస్టార్ట్ కూడా చేయగలవాడు రూట్‌కు ఒక్క అడుగు దూరంలోనే ఉంటాడు. ఎంత సుడోఎడిట్ ఇచ్చినా ఆ దూరం పెరగదు. కాన్ఫిగ్ మార్పు గిట్‌లోకి (మార్పులన్నీ నమోదయ్యే చోటికి) వెళ్లి, ఇంకొకరు చూసి ఒప్పుకున్నాకే సర్వర్ మీదికి రావాలి. నలుగురికీ చేతికి ఇవ్వాల్సింది రీస్టార్ట్ ఒక్కటే.

మార్చాక 'సుడో హైఫన్ చిన్న ఎల్, హైఫన్ పెద్ద యూ, ఖాతా పేరు' కొట్టి ఆ ఖాతాకు నిజంగా ఏం దక్కిందో చూడండి. సుడోయర్స్‌లో ఒకే కమాండ్‌కు రెండు వరుసలు సరిపోలితే చివరిదే చెల్లుతుంది. పైన జాగ్రత్తగా రాసిన నియమాన్ని కింద ఎవరో పెట్టిన 'నోపాస్‌వర్డ్ ఆల్' (పాస్‌వర్డ్ అడగకుండా అన్నీ) తినేస్తుంది.

ప్రశ్న: సుడోయర్స్ డాట్ డీ ఫోల్డర్‌లో 'డెవ్‌టీమ్ డాట్ కాన్ఫ్' అని ఫైల్ పెట్టాను. వ్యాకరణం చెక్ చేస్తే తప్పు లేదంటోంది. కానీ ఆ నియమాలేవీ అమల్లోకి రావడం లేదు.
— విజయవాడ పాఠకుడు

జవాబు: పేరులో చుక్క తీసేయండి. ఆ ఫోల్డర్‌లో పేరులో చుక్క ఉన్న ఫైళ్లనూ, చివర టిల్డ గుర్తు ఉన్నవాటినీ సుడో చదవదు. ఎడిటర్లు, ప్యాకేజీలు వదిలే బ్యాకప్ ఫైళ్లు పొరపాటున అమల్లోకి రాకుండా పెట్టిన కట్టడి అది. ఫైల్ పర్మిషన్ 0440 ఉండాలి, యజమాని రూట్ కావాలి.

ఈ ఫైళ్లను ఎప్పుడూ మామూలు ఎడిటర్‌తో ముట్టుకోకండి. విసుడో వాడితే సేవ్ చేసే ముందు వ్యాకరణం చూస్తుంది, ఇద్దరు ఒకేసారి మార్చకుండా తాళం వేస్తుంది. కొత్త సుడో వెర్షన్లు తప్పు వరుసను వదిలేసి మిగతావి చదవడానికి ప్రయత్నిస్తాయి, పాతవి ఒక్క కామా తప్పినా మొత్తానికి మొరాయిస్తాయి. అప్పుడు సుడో లేదు, సుడోను బాగుచేయడానికి సుడో కావాలి. అందుకే ఈ పని చేసేటప్పుడు పక్క కిటికీలో రూట్ షెల్ ఒకటి తెరిచి ఉంచి, కొత్త లాగిన్‌తో పరీక్షించాకే దాన్ని మూయండి.

ప్రశ్న: రాత్రి బ్యాకప్ స్క్రిప్టు రూట్ క్రాన్‌లో (టైముకు కమాండ్లు నడిపే ఏర్పాటులో) నడుస్తుంది. స్క్రిప్టు యాప్ ఖాతా హోమ్ ఫోల్డర్‌లో ఉంది. కానీ దాని యజమాని రూట్, పర్మిషన్ 0755. వేరెవరూ అందులో రాయలేరు కదా, భయం ఉందా?
— హోస్టింగ్ సంస్థ ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: ఉంది. ఈ నెల ప్రశ్నలన్నింటిలోకీ మీదే ముఖ్యమైనది. మామూలు ఖాతా రూట్ అయ్యే దారుల్లో సర్వర్ మీద రోజూ కనబడేది ఇదే, దీనికి ఏ బగ్గూ అక్కర్లేదు.

ఫైల్‌లో రాయడానికి ఫైల్ పర్మిషన్ చూస్తారు. ఫైల్‌ను తీసేయడానికి, పేరు మార్చడానికి మాత్రం ఫైల్ పర్మిషన్ చూడరు, అది ఉన్న ఫోల్డర్ పర్మిషన్ చూస్తారు. ఫోల్డర్ యాప్ ఖాతాది. అంటే ఆ ఖాతా మీ రూట్ స్క్రిప్టులో ఒక్క అక్షరం మార్చలేదు గానీ, దాని పేరు మార్చి పక్కకు జరిపి, అదే పేరుతో సొంత ఫైల్ పెట్టగలదు. రాత్రి రెండు గంటలకు క్రాన్ వచ్చి పేరు చూసి నడిపేస్తుంది. యాప్ ఖాతా అంటే మీ ఉద్యోగి ఒక్కడే అనుకోకండి. వెబ్ యాప్‌లో ఎక్కడో ఒక అప్‌లోడ్ లోపం ఉంటే, బయటివాడు దిగేది ఆ ఖాతాలోకే.

ఒకసారి 'నేమ్‌ఐ హైఫన్ చిన్న ఎల్' అని కొట్టి స్క్రిప్టు పూర్తి మార్గం ఇవ్వండి. స్లాష్ దగ్గర మొదలుపెట్టి ఫైల్ దాకా ఒక్కో మెట్టు యజమాని, పర్మిషన్ వరుసగా చూపిస్తుంది. పై నుంచి కింది దాకా ప్రతి వరుసలోనూ యజమాని రూట్ అయి ఉండాలి, గ్రూపుకు గానీ ఇతరులకు గానీ రాసే హక్కు ఉండకూడదు. మధ్యలో ఒక్క మెట్టు వేరేవాళ్లదైనా ఆ కింద ఉన్నదంతా వాళ్లదే.

స్క్రిప్టును 'స్లాష్ యూఎస్ఆర్ స్లాష్ లోకల్ స్లాష్ ఎస్‌బిన్' లోకి మార్చి 0700 పెట్టండి. అక్కడితో ఆగకుండా స్క్రిప్టును లోపల కూడా చదవండి. అది యాప్ హోమ్‌లోని పైథాన్ ఎన్విరాన్‌మెంట్‌ను పిలుస్తోందా? యాప్ కాన్ఫిగ్ ఫైల్‌ను 'సోర్స్' చేస్తోందా? చేస్తే ఆ ఫైల్‌లో ఉన్నదేదైనా రూట్‌గా నడుస్తుంది. యాప్ ఫోల్డర్‌లోకి వెళ్లి 'టార్ ... నక్షత్రం' అని కొడుతోందా? షెల్ ఆ గుర్తును ఫైల్ పేర్లుగా విప్పుతుంది, హైఫన్‌తో మొదలయ్యే పేరున్న ఫైల్ ఉంటే టార్ దాన్ని ఫైల్ అనుకోదు, తనకిచ్చిన ఆప్షన్ అనుకుంటుంది. గుర్తుకు ముందు 'డాట్ స్లాష్' చేర్చితే పేరేదైనా హైఫన్‌తో మొదలవదు, అంతటితో ఆ బాధ పోతుంది. కమాండ్లన్నింటికీ పూర్తి మార్గం రాయండి.

అసలు బ్యాకప్‌కు రూట్ ఎందుకన్నది ఇంకో ప్రశ్న. యాప్ ఫైళ్లు మాత్రమే తీస్తుంటే ఆ ఖాతా క్రాన్‌లోనే నడపండి.

ప్రశ్న: స్కాన్ రిపోర్టులో 'సెట్‌యూఐడీ ఫైళ్లు 20' అని ఎర్రగా వచ్చింది. అన్నింటికీ ఆ 's' బిట్ తీసేయమంటారా?
— తిరుపతి పాఠకుడు

జవాబు: తీసేస్తే రేపు పొద్దున ఎవరూ పాస్‌వర్డ్ మార్చుకోలేరు. షాడో ఫైల్‌లో రాసే హక్కు రూట్‌కే ఉంది, మామూలు ఖాతా తన పాస్‌వర్డ్ మార్చుకోవాలంటే అందులో రాయాలి. అందుకే పాస్‌వర్డ్ ప్రోగ్రామ్ ఎవరు పిలిచినా రూట్ హక్కులతో నడిచేలా ఆ ఎస్ బిట్ ఉంటుంది. ఈ ఊహ డెనిస్ రిచీది. బెల్ ల్యాబ్స్ 1973లో పేటెంట్‌కు పెడితే 1979లో వచ్చింది.

సుడో, ఎస్‌యూ, పాస్‌వర్డ్, మౌంట్ లాంటివి ఉండాల్సినవే. చూడాల్సింది సంఖ్య కాదు, జాబితాలో కొత్తగా చేరినవి. 'ఫైండ్ స్లాష్ హైఫన్ పెర్మ్ హైఫన్ 4000 హైఫన్ టైప్ ఎఫ్' ఫలితాన్ని కొత్త సర్వర్ పెట్టిన రోజే దాచుకుని, నెలకోసారి పోల్చండి. టెంప్‌లో, హోమ్‌లో, వెబ్ ఫోల్డర్‌లో ఎస్ బిట్ కనిపిస్తే అది ప్యాకేజీ పెట్టింది కాదు. ఆ విభాగాలను విడి పార్టిషన్లుగా పెట్టి 'నోసూయిడ్' తో మౌంట్ చేస్తే అక్కడ ఎస్ బిట్ ఉన్నా పనిచేయదు. షెల్ స్క్రిప్టుల మీద ఎస్ బిట్ పెట్టినా రూట్ హక్కు రావడం లేదని ఇంకో ఇద్దరు రాశారు. రాదు, లినక్స్ దాన్ని పట్టించుకోదు, అలా ఉండడమే మంచిది.

ఎస్ బిట్‌తో పాటు 'గెట్‌క్యాప్ హైఫన్ చిన్న ఆర్ స్లాష్' కూడా కొట్టండి. రూట్ హక్కుల్లో ముక్కలు పంచుకున్న ఫైళ్లు అందులో తేలతాయి, చాలా స్కానర్లు దీన్ని వదిలేస్తాయి.

ప్రశ్న: 80 పోర్టు మీద నోడ్ యాప్ నడవాలంటే రూట్ కావాలంటోంది. మా జూనియర్ యాప్‌నే రూట్‌గా నడిపేశాడు. వద్దంటే నోడ్ ప్రోగ్రామ్‌కు సెట్‌క్యాప్‌తో (రూట్ హక్కుల్లో ఒక ముక్కను ఫైల్‌కు ఇచ్చే కమాండ్‌తో) ఆ పోర్టు హక్కు పెట్టాడు. ఇది సరేనా?
— స్టార్టప్ టీమ్ లీడ్, బెంగళూరు

జవాబు: మొదటిదానికంటే నయం, కానీ ఆ హక్కు ఇప్పుడు యాప్‌కు కాదు నోడ్‌కు దక్కింది. సర్వర్ మీద నోడ్‌తో ఏ స్క్రిప్టు నడిపినా 1024 కింది పోర్టులు పట్టుకోగలదు. నోడ్ అప్‌డేట్ అయ్యాక కొత్త ఫైల్ వస్తుంది, ఆ హక్కు పోతుంది, యాప్ లేవదు. కారణం దొరకక సగం రోజు పోతుంది.

సిస్టమ్‌డీ సర్వీస్ ఫైల్‌లో యూజర్ అని యాప్ ఖాతా పేరు, 'ఆంబియంట్ కేపబిలిటీస్' దగ్గర క్యాప్ నెట్ బైండ్ సర్వీస్ రాయండి. ఆ సర్వీస్‌కు మాత్రమే ఆ ఒక్క హక్కు వస్తుంది. ముందు ఎంజిన్‌ఎక్స్ పెట్టి యాప్‌ను 3000 మీద ఉంచడం అన్నింటికంటే సులువు.

ప్రశ్న: డాకర్ గ్రూపులో చేర్చితే సుడో ఇవ్వకుండానే పని అవుతుందని అందరినీ చేర్చాను.
— పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: అందరికీ రూట్ ఇచ్చారు, అదీ లాగ్ పడని రూట్. డాకర్ డెమన్ (వెనక ఎప్పుడూ నడిచే ప్రోగ్రామ్) రూట్‌గా నడుస్తుంది. ఆ గ్రూపులో ఉన్నవాడు సర్వర్ డిస్క్ మొత్తాన్ని కంటెయినర్ లోపలికి మౌంట్ చేసి, లోపల రూట్‌గా ఏ ఫైల్‌నైనా మార్చగలడు. డాకర్ వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే ఈ హెచ్చరిక ఉంది. ఎల్‌ఎక్స్‌డీ గ్రూపు, డిస్క్ గ్రూపు కూడా ఇదే బాపతు. డెవలపర్లకు రూట్‌లెస్ డాకర్ గానీ పాడ్‌మ్యాన్ గానీ ఇవ్వండి. సర్వర్ మీద కంటెయినర్లు రీస్టార్ట్ చేయడమే పని అయితే, పైన ఎంజిన్‌ఎక్స్ రీస్టార్ట్‌కు చెప్పినట్టు ఆ ఒక్క కమాండ్‌నే సుడోలో రాయండి.

ప్రశ్న: ఉబుంటు 20.04లో సుడో వెర్షన్ 1.8.31 అని చూపిస్తోంది. 'బారన్ సేమెడిట్' అనే సుడో లోపం 1.8.31లో ఉందని చదివాను. అప్‌డేట్లన్నీ వేసినా వెర్షన్ మారదే?
— నెట్‌వర్క్ ఇంజినీర్, న్యూజెర్సీ

జవాబు: మారదు. ఉబుంటు, రెడ్‌హ్యాట్ లాంటివి పాత వెర్షన్‌ను అలాగే ఉంచి, లోపం సరిదిద్దిన ముక్కను మాత్రం అందులో కలుపుతాయి. చూడాల్సింది తోక. ఉబుంటు 20.04లో 1.8.31 తర్వాత 'హైఫన్ 1 ఉబుంటు 1.2' గానీ అంతకంటే పెద్దది గానీ ఉంటే ఆ లోపం పోయినట్టే. ఖాయం చేసుకోవాలంటే ప్యాకేజీ ఛేంజ్‌లాగ్ (మార్పుల చిట్టా) తెరిచి ఆ లోపానికి ఇచ్చిన నంబర్ సీవీఈ-2021-3156 కోసం వెతకండి. రెడ్‌హ్యాట్ వైపైతే 'ఆర్‌పీఎమ్ హైఫన్ క్యూ, రెండు హైఫన్లు ఛేంజ్‌లాగ్, సుడో'.

ఆ లోపం 2011 జులైలో కోడ్‌లోకి వచ్చి 2021 జనవరిలో బయటపడింది. సుడోయర్స్‌లో పేరే లేని ఖాతా కూడా దాంతో రూట్ కాగలిగేది. ఏడాది తిరిగేసరికి 2022 జనవరిలో సుడో లాంటిదే అయిన పీకేఎగ్జెక్‌లో ఇంకోటి తేలింది. అది 2009 నుంచీ ఉంది, దానికి 'ప్వన్‌కిట్' అని పేరు పెట్టారు. ప్యాచ్ వేయలేని యంత్రాల్లో ఆ ప్రోగ్రామ్‌కు ఎస్ బిట్ తీసేసి 0755 పెట్టడం అప్పటి తాత్కాలిక మందు. ఈ రెండింటినీ క్వాలిస్ అనే భద్రతా సంస్థ వాళ్లే పట్టుకున్నారు. 2025 జూన్‌లో సుడోలోని సీహెచ్‌రూట్ ఆప్షన్‌లో బయటపడ్డ సీవీఈ-2025-32463 మాత్రం 1.9.14 నుంచి 1.9.17 వరకే ఉంది. మీ పాత 1.8.31కు అది అంటదు. పాతదై ఉండడం కలిసొచ్చిన అరుదైన సందర్భం ఇది, కానీ ఉబుంటు 20.04కు మామూలు సపోర్టు 2025లోనే ముగిసింది. వెర్షన్ మార్చే పని వాయిదా వేయకండి. సెంటోస్ 7 ఇంకా నడుపుతున్నవారికీ అదే మాట, దానికి 2024 జూన్ 30తోనే నీళ్లు వదిలేశారు.

కెర్నెల్ (లినక్స్‌కు గుండె లాంటి ప్రోగ్రామ్) లోపాలకు ఒక తేడా ఉంది. డర్టీ కౌ (2016), డర్టీ పైప్ (2022) లాంటివాటికి ప్యాచ్ ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన ఏమీ మారదు, రీబూట్ అయ్యేదాకా నడుస్తున్నది పాత కెర్నెలే. 'యూనేమ్ హైఫన్ ఆర్' చూపించేది నడుస్తున్నదాన్ని. ఉబుంటులో 'వార్ రన్' కింద 'రీబూట్-రిక్వయర్డ్' అనే ఫైల్ ఉందంటే మీ ప్యాచ్ ఇంకా డిస్క్ మీదే నిద్రపోతోంది.

ప్రశ్న: రాకీ సర్వర్ రూట్ పాస్‌వర్డ్ తెలిసిన ఉద్యోగి మానేశాడు. సుడో ఉన్న ఖాతా ఇంకొకటి లేదు. సర్వర్ మా గదిలోనే ఉంది.
— రైస్ మిల్లు అకౌంట్స్ విభాగం, మిర్యాలగూడ

జవాబు: గదిలో ఉంది కాబట్టి దారి ఉంది. డేటా బ్యాకప్ ఉందో లేదో చూసుకుని, పని లేని సమయంలో రీబూట్ చేయండి. గ్రబ్ (లినక్స్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) మెనూ రాగానే 'ఈ' నొక్కితే వరుసలు తెరుచుకుంటాయి. 'లినక్స్' తో మొదలయ్యే వరుస చివర ఒక ఖాళీ వదిలి 'ఆర్‌డీ డాట్ బ్రేక్' చేర్చి, కంట్రోల్ ఎక్స్ నొక్కండి. షెల్ వచ్చాక 'మౌంట్ హైఫన్ ఓ రీమౌంట్ కామా ఆర్‌డబ్ల్యూ స్లాష్ సిస్‌రూట్', తర్వాత 'సీహెచ్‌రూట్ స్లాష్ సిస్‌రూట్', ఆ తర్వాత పాస్‌వర్డ్ కమాండ్ కొట్టి కొత్తది పెట్టండి. రీమౌంట్, ఆర్‌డబ్ల్యూ మధ్య కామాకు ముందూ వెనకా ఖాళీ ఉండకూడదు.

అందరూ మరిచేది తర్వాతి మెట్టు. స్లాష్ కింద 'డాట్ ఆటోరీలేబుల్' అనే ఖాళీ ఫైల్‌ను టచ్ కమాండ్‌తో సృష్టించాలి. ఎస్‌ఈలినక్స్ (ఫైళ్ల లేబుళ్లను బట్టి అనుమతించే కాపలా) నడవని స్థితిలో షాడో ఫైల్ తిరగరాశారు కాబట్టి దాని లేబుల్ తప్పుతుంది. ఈ ఫైల్ లేకుండా లేస్తే సరైన పాస్‌వర్డ్ కొట్టినా లోపలికి రానివ్వదు. రెండుసార్లు 'ఎగ్జిట్' కొట్టండి. రీలేబుల్‌కు డిస్క్ సైజును బట్టి నిమిషాలు పడుతుంది, మధ్యలో కరెంట్ తీయకండి.

ఇంత సులువుగా మీరు చేయగలిగినది, ఆ గదిలోకి వచ్చిన ఎవరైనా చేయగలరు. గ్రబ్‌కు పాస్‌వర్డ్ పెట్టండి. డిస్క్ విప్పి వేరే యంత్రానికి తగిలిస్తే అదీ ఆగదు, దానికి లక్స్ అనే డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఒక్కటే అడ్డు. మానేసిన ఉద్యోగి 'ఆథరైజ్డ్ కీస్' (పాస్‌వర్డ్ లేకుండా లాగిన్ అయ్యే కీలుండే) ఫైళ్లలో తన కీ వదిలాడేమో కూడా చూసుకోండి, పాస్‌వర్డ్ మార్చితే ఆ కీ చావదు.

ప్రశ్న: మా కాలేజీ సర్వర్‌లో పాత కెర్నెల్ ఉంది. నా విద్యార్థి ఖాతా నుంచి రూట్ తెచ్చి, స్క్రీన్‌షాట్ తీసి ప్రిన్సిపాల్‌కు చూపిస్తే మెచ్చుకుంటారా?
— ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, కాకినాడ

జవాబు: మెచ్చుకోవచ్చు, కేసూ పెట్టొచ్చు. మీ ఉద్దేశం మంచిదే అయినా, యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి చొరబడడం ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్ కిందికి వస్తుంది. దురుద్దేశం తోడైందంటే 66వ సెక్షన్, మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఉద్దేశం ఏమిటో తేల్చేది మీరు కాదు. పైగా కెర్నెల్ లోపాల మీద వాడే కోడ్ చాలాసార్లు సర్వర్‌ను పడేస్తుంది, పరీక్షల వారంలో అది జరిగితే స్క్రీన్‌షాట్ ఎవరూ చూడరు.

రూట్ తేనక్కర్లేదు. 'యూనేమ్ హైఫన్ ఆర్' ఫలితం, ఆ వెర్షన్‌కు ఉన్న సీవీఈ నంబర్, ప్యాచ్ ఉన్న వెర్షన్, ఈ మూడూ ఒక కాగితం మీద రాసిస్తే చాలు. మీ ఖాతాకు ఇచ్చిన హక్కులతోనే అవి కనిపిస్తాయి. నేర్చుకోవడానికైతే సొంత ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్, రెండు జీబీ ర్యామ్‌తో ఒక పాత ఉబుంటు, ఒక స్నాప్‌షాట్ పెట్టుకోండి. నెట్‌వర్క్ 'హోస్ట్ ఓన్లీ' లో ఉంచండి.

ప్రశ్న: 20 విండోస్ కంప్యూటర్లకూ లోకల్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఒకటే పెట్టాం. గుర్తుంచుకోవడం సులువని.
— నిజామాబాద్ పాఠకుడు

జవాబు: దొంగకూ సులువే. ఒక యంత్రంలో ఆ పాస్‌వర్డ్ హ్యాష్ దొరికితే మిగతా 19 తలుపులూ తెరుచుకుంటాయి, పాస్‌వర్డ్ ఏమిటో కనిపెట్టాల్సిన పని కూడా లేదు. విండోస్ ల్యాప్స్ వాడండి, 2023 ఏప్రిల్ అప్‌డేట్ నుంచి విండోస్‌లోనే ఉంది. ప్రతి యంత్రానికీ వేరే పాస్‌వర్డ్ తానే పెట్టి, గడువుకు మార్చి, సంస్థ ఖాతాలుండే డైరెక్టరీలో దాస్తుంది.

ప్రశ్న: పాస్‌వర్డ్ ఫైల్‌లో 'బ్యాకప్‌ఎస్‌విసి' అనే ఖాతాకు మూడో గడిలో సున్నా ఉంది. తీసేస్తే సరిపోతుందా?
— హోస్టింగ్ రీసెల్లర్, కర్నూలు

జవాబు: కెర్నెల్‌కు పేరుతో పనిలేదు, ఆ అంకె చూస్తుంది. సున్నా ఉన్న ప్రతి ఖాతా రూటే. మీరు పెట్టింది కాకపోతే ఎవరో ఇప్పటికే పూర్తి హక్కులతో లోపల తిరిగారు, ఆ వరుస వాళ్లు వదిలిన దారుల్లో కంటికి కనబడ్డ ఒకటి మాత్రమే. తీసేయకండి, రీబూట్ కూడా చేయకండి, మెమరీలో ఉన్న ఆధారాలు పోతాయి. నెట్‌వర్క్ నుంచి విడదీసి, డిస్క్ స్నాప్‌షాట్ తీయండి. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం ఇలాంటి చొరబాటు తెలిసిన ఆరు గంటల్లో వాళ్లకు తెలపాలి, 180 రోజుల లాగ్‌లు మీ దగ్గర ఉండాలి. ఆ సర్వర్‌ను బాగుచేసి వాడొద్దు. కొత్తది కట్టి, చొరబాటు తేదీకి ముందున్న బ్యాకప్ నుంచి డేటా మాత్రమే తెచ్చుకోండి, ప్రోగ్రామ్‌లూ స్క్రిప్టులూ వద్దు. దాని మీద ఉన్న కీలు, డేటాబేస్ పాస్‌వర్డులు అన్నీ మార్చండి, వేరే సర్వర్లలో అవే వాడుతుంటే అక్కడ కూడా.